పాటలకు మార్కులు వేసేదెవరు?
ఫంక్, హిప్-హాప్, రాక్ సంగీతాల జనాదరణ పట్టికల కథ



మీ తరగతిలో ఒక చిన్న పని చేసి చూడండి. ప్రతి ఒక్కరినీ తమకు బాగా నచ్చిన ఐదు పాటలు కాగితం మీద రాయమనండి. ఇంతవరకు గొడవ ఉండదు. తరువాత ఆ ఐదింటినీ ఒకటి, రెండు, మూడు అని వరుసలో పెట్టమనండి. అసలు వాదన అప్పుడు మొదలవుతుంది. నచ్చిన పాటను పక్కవాడికి వినిపించడం స్నేహం. దానికి స్థానం కట్టడం మాత్రం తీర్పు. తీర్పు అనగానే, చెప్పే అధికారం ఎవరిది అనే ప్రశ్న వస్తుంది.

ఈ ప్రశ్న మన దేశానికి కొత్తది కాదు. 1952లో ఆకాశవాణి సినిమా పాటలకు చోటు బాగా తగ్గించింది. శ్రోతలు రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. అదే ఏడాది డిసెంబరులో రేడియో సిలోన్‌లో 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. మొదట్లో ఏడు పాటలు వరుస లేకుండా వినిపించేవారు. తరువాత జనాదరణను బట్టి మెట్లు ఏర్పాటు చేశారు. 2024లో కన్నుమూసిన అమీన్ సయానీ తన గొంతుతో ఒక్కొక్క మెట్టూ ఎక్కిస్తూ ఉంటే, ఏ పాట పైకి చేరుతుందోనని ఇళ్ళల్లో పందేలు కట్టుకునేవారు. స్థానాలు నిర్ణయించడానికి రికార్డుల అమ్మకాలతో పాటు శ్రోతల సంఘాల అభిప్రాయాన్ని కూడా తీసుకునేవారు. అయితే రికార్డు కొనే స్తోమత, సంఘంలో చేరే వీలు ఎంతమందికి ఉండేవి? పొలంలో పనిచేస్తూ అదే పాట పాడుకున్న మనిషి ఆ లెక్కలో లేడు.

కాబట్టి ఏ పాటల పట్టికను చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు లెక్కపెట్టారు? ఎవరిని అడిగారు? దేన్ని లెక్కపెట్టారు? ఈ మూడు ప్రశ్నలను చేతపట్టుకుని, పాటల పట్టిక పెద్ద వ్యాపారంగా ఎదిగిన అమెరికాకు వెళదాం. అక్కడ రాక్, ఫంక్, హిప్-హాప్ అనే మూడు సంగీతాలకు ఎదురైన అనుభవం చూస్తే, అంకెల వెనుక ఎంత చరిత్ర దాగి ఉంటుందో తెలుస్తుంది.

పట్టిక ఎలా పుట్టింది?

'బిల్‌బోర్డ్' అనే పత్రిక 1894లో సిన్సినాటి నగరంలో మొదలైంది. అప్పట్లో దానికి సంగీతంతో సంబంధం లేదు. గోడల మీద ప్రకటనలు అంటించే వ్యాపారుల కోసం పెట్టిన పత్రిక అది. తరువాత సర్కస్‌లు, నాటకాలు, రికార్డుల వ్యాపారం దాని పరిధిలోకి వచ్చాయి. 1935లో అమెరికన్ రేడియోలో 'యువర్ హిట్ పరేడ్' అనే కార్యక్రమం వారం వారం జనాదరణ పొందిన పాటలను వరుసలో వినిపించడం ప్రారంభించింది. 1940 జూలైలో బిల్‌బోర్డ్, దుకాణాల్లో రికార్డుల అమ్మకాల ఆధారంగా దేశవ్యాప్త పట్టికను అచ్చువేసింది.

ఆ రోజుల్లో ఒకే పట్టిక ఉండేది కాదు. దుకాణాల్లో అమ్ముడైనవి ఒక పట్టిక, రేడియోలో ఎక్కువగా వినిపించినవి మరొకటి, హోటళ్ళలో నాణెం వేస్తే పాడే జూక్‌బాక్సుల్లో మోగినవి ఇంకొకటి. ఒకే వారం ఒక్కొక్క పట్టికలో ఒక్కొక్క పాట మొదటి స్థానంలో ఉండవచ్చు. కొనేవారు వేరు, వినేవారు వేరు, నాణెం వేసేవారు వేరు కదా! 1958 ఆగస్టు 4న బిల్‌బోర్డ్ 'హాట్ 100' అనే పట్టికను ప్రారంభించి అమ్మకాలను, రేడియో ప్రసారాలను ఒకే లెక్కలో కలిపింది. నేటికీ అమెరికాలో ఒక పాట స్థానం అంటే ముందుగా చూసేది ఈ పట్టికనే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఇది శ్రోతల కోసం పుట్టిన పట్టిక కాదు. ఏ రికార్డు ఎన్ని ప్రతులు తెప్పించాలి అని ఆలోచించే దుకాణదారుకు, ఏ పాట వేయాలి అని ఆలోచించే రేడియో కేంద్రానికి సాయం చేయడానికి పుట్టింది. పట్టికలో ఉన్న పాటనే దుకాణం తెప్పిస్తుంది, రేడియో వేస్తుంది. అలా వేసినందువల్ల అది పట్టికలో ఇంకా పైకి పోతుంది. బయట ఉన్న పాటకు లోపలికి దారి దొరకడం కష్టం.

ఒక దేశం, రెండు వరుసలు

అమెరికాలో నల్లజాతివారికి, తెల్లజాతివారికి బడులు, బస్సుల్లో సీట్లు వేరుగా ఉన్న కాలం అది. పాటల పట్టికలు కూడా వేరుగానే ఉండేవి. 1942లో బిల్‌బోర్డ్ నల్లజాతి శ్రోతల సంగీతానికి 'హార్లెమ్ హిట్ పరేడ్' పేరుతో విడిగా పట్టిక పెట్టింది. 1945లో దానికి 'రేస్ రికార్డులు' అని, అంటే జాతి రికార్డులు అని పేరు పెట్టారు. అప్పుడు ఆ పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్ సూచన మేరకు 1949లో 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చారు. అదే పట్టిక 1969లో 'సోల్' అయింది, 1982లో 'బ్లాక్' అయింది, 1990లో మళ్ళీ 'ఆర్ అండ్ బి' అయింది, 1999లో ఆ పేరుకు 'హిప్-హాప్' జతపడింది. ఒక సమాజం తన పొరుగువారిని ఏ పేరుతో పిలవాలో తేల్చుకోలేక తడబడిన యాభై ఏళ్ళ చరిత్ర ఈ పేర్ల మార్పులోనే ఉంది.

రాక్ అండ్ రోల్ ఈ రెండు వరుసల మధ్య గోడ దగ్గర పుట్టింది. బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని పాడిన 'హౌండ్ డాగ్' 1953లో రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దేశవ్యాప్త పట్టికలో దానికి చోటు దొరకలేదు. మూడేళ్ళ తరువాత, 1956లో, ఎల్విస్ ప్రెస్లీ అదే పాట తన పద్ధతిలో పాడితే దేశమంతటా మొదటి స్థానంలో నిలిచింది. ఎల్విస్ ప్రతిభను ఎవరూ కాదనరు. కానీ ఇద్దరూ పరుగెత్తింది ఒకే బాటలో కాదు.

రేడియోలో పాటలు వేసి పరిచయం చేసేవారిని డిస్క్ జాకీలు అంటారు. వారిలో అలన్ ఫ్రీడ్ ప్రసిద్ధుడు. తెల్లజాతి యువతకు నల్లజాతి సంగీతాన్ని వినిపించి, 'రాక్ అండ్ రోల్' అనే మాటకు ప్రచారం తెచ్చింది ఆయనే. అయితే చక్ బెర్రీ రాసిన 'మేబెలీన్' (1955) పాటకు సహరచయితగా ఫ్రీడ్ పేరు కూడా వేశారు. దానివల్ల రాయల్టీలో వాటా ఆయనకు పోయింది. పాట వేయించుకోవడానికి రికార్డు కంపెనీలు రేడియో వారికి డబ్బు ముట్టజెప్పడాన్ని 'పయోలా' అనేవారు. 1959–60లో అమెరికన్ కాంగ్రెస్ దీనిపై విచారణ జరిపింది. 1960లో వెల్లడించకుండా డబ్బు తీసుకుని పాట వేయడాన్ని చట్టం నేరంగా ప్రకటించింది. 1962లో ఫ్రీడ్ నేరం ఒప్పుకుని 300 డాలర్ల జరిమానా కట్టాడు. జనం మెచ్చిన పాట అని మనం అనుకున్న దాంట్లో కొంత, డబ్బు మెచ్చిన పాట కూడా కావచ్చునని దేశానికి అప్పుడు తెలిసింది.

మరొక వింత చూడండి. 1963 నవంబరు చివరి నుంచి 1965 జనవరి దాకా బిల్‌బోర్డ్ రిథమ్ అండ్ బ్లూస్ పట్టికను అసలు అచ్చువేయలేదు. ఆ పట్టికలోని పాటలకు, హాట్ 100లోని పాటలకు పెద్దగా తేడా కనిపించకుండా పోయింది. పద్నాలుగు నెలల పాటు ఆ విడి వరుస మాయమైంది. ఆ కాలంలో నల్లజాతి శ్రోతలు ఏ పాటను అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చారో తెలుసుకోవాలంటే నేటి చరిత్రకారుడికి ఆ పత్రిక సాయపడదు. లెక్కపెట్టకపోవడం కూడా ఒక నిర్ణయమే.

ఫంక్: 51వ స్థానంలో ఆగిన దరువు

1965 తరువాత జేమ్స్ బ్రౌన్ సంగీతంలో ఒక మార్పు తెచ్చాడు. అంతవరకు ప్రాచుర్యంలో ఉన్న పాటల్లో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ గట్టిగా పడేవి. ఆయన తన బృందాన్ని మొదటి దెబ్బ మీద బలం పెట్టమన్నాడు. హిందుస్తానీ తబలా విద్వాంసులు ఆవర్తంలో మొదటి మాత్రను 'సమ్' అంటారు. ఎన్ని విన్యాసాలు చేసినా చివరకు అక్కడికే వచ్చి వాలుతారు. బ్రౌన్ బృందంలో కూడా ప్రతి వాద్యం ఆ మొదటి దెబ్బ చుట్టూ తిరుగుతుంది. గిటారు, బాకాలు కూడా రాగం కన్నా లయకే ఎక్కువగా పనిచేస్తాయి. 1967లో వచ్చిన 'కోల్డ్ స్వెట్' ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. ఈ సంగీతానికి ఫంక్ అనే పేరు స్థిరపడింది. స్లై స్టోన్, జార్జ్ క్లింటన్ వంటివారు దీన్ని రాక్ గిటారుతో కలిపి మరింత విస్తరించారు.

1969 నవంబరు 20న సిన్సినాటిలో బ్రౌన్ బృందం 'ఫంకీ డ్రమ్మర్' అనే పాటను రికార్డు చేసింది. అందులో ఒకచోట మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి, క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్మర్ ఒక్కడే ఎనిమిది ఆవర్తాల సేపు వాయిస్తాడు. పాట 1970లో విడుదలైంది. రిథమ్ అండ్ బ్లూస్ శ్రోతల పట్టికలో 20వ స్థానం వచ్చింది. హాట్ 100లో 51వ స్థానం దగ్గర ఆగిపోయింది. ఆనాటి లెక్క ప్రకారం అదొక సామాన్యమైన పాట. మరుసటి నెలలో ఎవరికీ గుర్తుండనక్కరలేదు.

ఆ ఎనిమిది ఆవర్తాల కథ అక్కడితో ముగియలేదు. దానికోసం మనం న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ పేటకు వెళ్ళాలి.

హిప్-హాప్: రికార్డు మధ్యలోంచి పుట్టిన సంగీతం

1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్టుమెంటు భవనంలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక విందు ఏర్పాటు చేసింది. బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కూడబెట్టడం ఆమె ఉద్దేశం. ప్రవేశ రుసుము అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50 సెంట్లు. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్. అతను జమైకా నుంచి వలస వచ్చినవాడు. 'డి.జె. కూల్ హెర్క్' అనే పేరుతో ప్రసిద్ధుడయ్యాడు.

పాటలో డ్రమ్ములు ఒంటరిగా మోగే చోట నృత్యం చేసేవారు రెచ్చిపోతున్నారని హెర్క్ గమనించాడు. ఆ భాగం కొద్ది క్షణాలే ఉంటుంది. అందుకని ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి రెండు యంత్రాల మీద పెట్టాడు. ఒకదానిలో ఆ భాగం అయిపోగానే రెండోదానిలో అదే భాగం మొదలుపెట్టేవాడు. కొద్ది క్షణాల దరువు నిమిషాల తరబడి సాగేది. దాని మీద మైకు పట్టుకుని ప్రాసతో మాటలు కట్టడం క్రమంగా ర్యాప్ అయింది.

ఈ డి.జె.ల గొప్పతనం ఎవరికీ తెలియని రికార్డును వెతికి తీయడంలో ఉండేది. అందుకే హెర్క్ తన రికార్డులను నీళ్ళలో నానబెట్టి పేరున్న చీటీలను ఊడదీసేవాడు. పోటీదారు తొంగిచూసినా అది ఏ పాటో తెలియకూడదు! పట్టికలో ముందున్న పాటలను అందరూ వేయగలరు. 51వ స్థానంలో ఆగినదాన్ని, అసలు పట్టికకే ఎక్కనిదాన్ని తవ్వి తీసినవాడే ఇక్కడ గొప్ప. బ్రాంక్స్ యువకులు బిల్‌బోర్డ్ వరుసను తలకిందులు చేసి తమ వరుస తాము రాసుకున్నారు.

ఆరేళ్ళపాటు ఈ సంగీతానికి రికార్డులే లేవు. విందుల్లో కేసెట్లలో పట్టుకున్న పాటలే చేతులు మారుతూ నగరమంతా తిరిగాయి. వాటిని లెక్కపెట్టినవారు లేరు. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ వారి 'రాపర్స్ డిలైట్' విడుదలై హాట్ 100లో 36వ స్థానానికి చేరినప్పుడు, దేశంలో చాలామంది హిప్-హాప్ ఆ రోజే పుట్టిందనుకున్నారు. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ పేరుతో వచ్చిన 'ద మెసేజ్' పేదపేటల బతుకును సూటిగా వర్ణించింది. అది 62వ స్థానం దాటలేదు. అయితే అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం భద్రపరచదగిన రికార్డుల జాబితాను 2002లో ప్రారంభించినప్పుడు, మొదటి విడతలోనే ఈ పాటను చేర్చింది. అలా చేరిన మొదటి హిప్-హాప్ రికార్డు అదే.

1980లలో శాంపిలర్ అనే యంత్రం చౌకగా దొరకసాగింది. పాత రికార్డులోని ఒక ముక్కను కత్తిరించి కొత్త పాటలో అతికించడం సులువైంది. అప్పుడు 'ఫంకీ డ్రమ్మర్'లోని దరువుకు రోజులు వచ్చాయి. స్టబుల్‌ఫీల్డ్ చేతి దెబ్బలు వెయ్యికి పైగా పాటల్లో వినిపించాయి. కానీ పాట హక్కులు జేమ్స్ బ్రౌన్ పేరు మీద ఉన్నాయి. ఆ పాటల రాయల్టీలో డ్రమ్మర్‌కు చట్టప్రకారం వాటా లేదు. ఆయనకు క్యాన్సర్ వచ్చినప్పుడు వైద్య ఖర్చులో పెద్ద భాగాన్ని ప్రిన్స్ అనే ప్రసిద్ధ కళాకారుడు చెప్పకుండా భరించాడని ప్రిన్స్ మరణించాక తెలిసింది. స్టబుల్‌ఫీల్డ్ 2017లో మరణించాడు. పట్టిక పాటకు స్థానం ఇస్తుంది, దానిలో పనిచేసిన చేతికి ఇవ్వదు. 1991 డిసెంబరులో బిజ్ మార్కీ అనే ర్యాప్ కళాకారుడి కేసులో, అనుమతి లేకుండా పాట ముక్కను వాడుకోవడం తప్పని న్యూయార్క్ కోర్టు తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ప్రతి ముక్కకు అనుమతి, రుసుము అవసరమయ్యాయి. హక్కుదారులకు న్యాయం జరిగింది. కానీ హక్కుదారుల జాబితాలో లేని డ్రమ్మర్ల పరిస్థితి మారలేదు.

పంచుకుంటే నష్టమా, లాభమా?

రాక్ సంగీతంలో పంచుకోవడం వేరే దారిలో సాగింది. 1982లో మెటాలికా అనే బృందానికి ఇంకా ఒక్క ఆల్బమ్ కూడా లేదు. వారు తయారుచేసిన నమూనా కేసెట్టును అభిమానులు ఒకరికొకరు నకలు తీసి, టపాలో దేశదేశాలకు పంపుకున్నారు. ఆ బృందం పేరు ముందుగా అలా పాకింది. పద్దెనిమిదేళ్ళ తరువాత, 2000లో, అదే మెటాలికా 'నాప్‌స్టర్' మీద దావా వేసింది. ఇంటర్నెట్‌లో పాటలను ఒకరికొకరు ఉచితంగా పంపుకునే సౌకర్యం అది. 1999లో మొదలై, 2001లో కోర్టు ఆదేశాల నడుమ మూతపడింది.

దీన్ని బృందం మాటతప్పడంగా తేలికగా కొట్టిపారేయకండి. చేత్తో నకలు తీసే కేసెట్టు వందల మందికి చేరుతుంది, ప్రతి నకలుకూ శబ్దం కొంత పాడవుతుంది. కంప్యూటరులో తీసిన నకలు లక్షల మందికి, ఏ లోపమూ లేకుండా చేరుతుంది. పరిమాణం మారినప్పుడు పని స్వభావమే మారుతుంది. కొత్త కళాకారుడికి వినేవాడు దొరకడమే లాభం. పేరు వచ్చిన కళాకారుడికి, ఆయనతో పనిచేసే వారికి డబ్బు రాకపోవడం నష్టం. రెండూ నిజమే.

1991: లెక్క మారిన ఏడాది

1991 వరకు ఆల్బమ్‌ల పట్టిక ఎలా తయారయ్యేదో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఎంపిక చేసిన దుకాణాలకు ఫోను చేసి, ఈ వారం ఏవి బాగా అమ్ముడయ్యాయి అని అడిగేవారు. అవతలి గుమాస్తా తనకు తోచిన వరుస చెప్పేవాడు. తన అభిరుచి అందులో కలిసేది. కంపెనీ ఉచితంగా ఇచ్చిన కానుకలు కూడా కలిసేవి. పేదపేటల కుర్రాళ్ళు కొనే ర్యాప్, పల్లెటూళ్ళవారు కొనే కంట్రీ సంగీతం, జులపాల కుర్రాళ్ళు కొనే హెవీ మెటల్ – వీటిని చిన్నచూపు చూసేవారు.

మైక్ ఫైన్, మైక్ షాలెట్ అనే ఇద్దరు 'సౌండ్‌స్కాన్' అనే పద్ధతిని తెచ్చారు. రికార్డు మీద ఉండే బార్‌కోడ్‌ను దుకాణంలో బిల్లు వేసేటప్పుడు యంత్రం చదువుతుంది కదా, ఆ అంకెలనే నేరుగా తీసుకున్నారు. 1991 మే 25 సంచిక నుంచి బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టిక ఈ లెక్కతో వెలువడింది. నెల తిరగకుండానే ఎన్.డబ్ల్యు.ఎ. అనే ర్యాప్ బృందం ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. రేడియోలు ఆ బృందం పాటలను వేయడానికి జంకేవి. 1992 జనవరిలో నిర్వాణ అనే రాక్ బృందం ఆల్బమ్ 'నెవర్‌మైండ్', మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను తప్పించి మొదటి స్థానం తీసుకుంది. విడుదలనాడు కంపెనీ దేశమంతటికీ పంపినవి సుమారు 46 వేల ప్రతులే!

జనం అభిరుచి ఒక్క వారంలో మారిపోయిందా? లేదు. ఆ కొనుగోలుదారులు ముందు నుంచీ ఉన్నారు. వారిని లెక్కపెట్టే కన్ను అప్పుడు తెరుచుకుంది. కొత్త కన్నుకు కూడా లోపం ఉంది. బార్‌కోడ్ యంత్రం లేని చిన్న దుకాణాల అమ్మకాలు మొదట్లో సరిగా అందలేదు. ఏ కొలబద్దా సంపూర్ణం కాదు.

విమర్శకుల వరుస

అమ్మకాలను బట్టి కాకుండా గొప్పతనాన్ని బట్టి కట్టే వరుసలు కూడా ఉన్నాయి. 1967లో మొదలైన 'రోలింగ్ స్టోన్' పత్రిక 2003లో ఐదువందల గొప్ప ఆల్బమ్‌ల జాబితా ప్రకటించింది. మొదటి స్థానం బీటిల్స్ బృందానిది. 2020లో అదే పత్రిక కళాకారులు, విలేఖరులు, సంగీత రంగంలోనివారు కలిపి మూడువందల మందికి పైగా కొత్తగా అడిగింది. ఈసారి మొదటి స్థానం మార్విన్ గే పాడిన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్‌కు వచ్చింది. అది 1971 నాటిది. 2003లో ఆరో స్థానంలో ఉంది.

పాటల జాబితా కూడా అంతే. 2004లో మొదటి స్థానం బాబ్ డిలన్ పాటకు వస్తే, 2021లో అరీతా ఫ్రాంక్లిన్ పాడిన 'రెస్పెక్ట్'కు వచ్చింది. ఇది 1967 నాటి పాట. కొత్త జాబితాలో సగానికి పైగా పాటలు పాత జాబితాలో లేనివే. 'పబ్లిక్ ఎనిమీ' అనే హిప్-హాప్ బృందం 1989లో పాడిన 'ఫైట్ ద పవర్' పాత జాబితాలో 322వ స్థానంలో ఉంది. కొత్త జాబితాలో రెండో స్థానానికి వచ్చింది. ఆ పాటలో అతికించిన ముక్కల్లో ఒకటి మీకు తెలిసినదే – 'ఫంకీ డ్రమ్మర్'లో స్టబుల్‌ఫీల్డ్ వాయించిన దరువు. 51 దగ్గర ఆగిన ఆ దెబ్బలు మరొక పాటలో చేరి రెండో మెట్టు దాకా ఎక్కాయి.

పదిహేడేళ్ళలో ఆ రికార్డుల్లో ఒక్క స్వరం కూడా మారలేదు. మారింది ఓటర్లు. వారిలో యువకులు, స్త్రీలు, హిప్-హాప్ వింటూ పెరిగినవారు ఎక్కువయ్యారు.

నేటి లెక్క

ఇప్పుడు చాలామంది పాటను కొనరు, ఫోనులో వింటారు. దాన్ని లెక్కించడమెలా? 2014లో బిల్‌బోర్డ్, 1,500 సార్లు విన్న పాటలు ఒక ఆల్బమ్ అమ్మకానికి సమానం అని నిర్ణయించింది. 2018లో దాన్ని రెండుగా విడదీసింది. డబ్బు కట్టి వినేవారైతే 1,250 సార్లు, ప్రకటనల మధ్య ఉచితంగా వినేవారైతే 3,750 సార్లు. అంటే డబ్బు కట్టిన శ్రోత ఒకసారి వినడం, ఉచితంగా వినే శ్రోత మూడుసార్లు వినడంతో సమానం. ఆ అంకెలు తరువాత కూడా మారుతూ వచ్చాయి. రికార్డు కొనగలిగినవాడికే ఓటు ఉన్న పాత రోజుల నీడ ఇందులో కనిపించడం లేదూ?

ఈ కొత్త లెక్కలోనే మరొక మలుపు వచ్చింది. 2017లో నీల్సన్ సంస్థ గణాంకాల ప్రకారం అమెరికాలో హిప్-హాప్, ఆర్ అండ్ బి కలిసి మొదటిసారి రాక్ సంగీతాన్ని దాటాయి. మరుసటి ఏడాది ర్యాప్ కళాకారుడు కెండ్రిక్ లామర్‌కు పులిట్జర్ సంగీత బహుమతి లభించింది. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు వెలుపల ఆ బహుమతి ఇవ్వడం అదే మొదలు. 25 సెంట్ల ప్రవేశ రుసుముతో మొదలైన సంగీతం నలభై ఐదేళ్ళలో అక్కడికి చేరింది.

మీకొక అభ్యాసం

మిత్రులారా! ఇంతా చదివి వరుసలు కట్టడం తప్పని అనుకోకండి. వరుస కట్టబోతేనే మనం ఒక పాటను మరోదానితో పోల్చి శ్రద్ధగా వింటాం. అయితే కొలబద్ద ఏదో బయటపెట్టి కట్టాలి.

మీకు నచ్చిన పది పాటలను వరుసలో రాయండి. ప్రతి పాట ఎదుట రెండు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఆ పాట మీకు ఎవరి ద్వారా చేరిందో రాయండి: స్నేహితుడా, రేడియోనా, సినిమానా, ఫోను తనంతట తాను వినిపించిందా? రెండో గడిలో ఆ స్థానం ఎందుకు ఇచ్చారో ఒక్క వాక్యంలో రాయండి. తరువాత ఆ కాగితాన్ని పక్కవారి కాగితంతో మార్చుకోండి. వారి జాబితాలో మీరు ఎన్నడూ వినని పాట ఒకటి తప్పక ఉంటుంది. దాన్ని పూర్తిగా వినండి. గొంతును కాసేపు పక్కనపెట్టి, వెనుక డోలో, తబలానో, డ్రమ్మో వాయిస్తున్న మనిషి పేరేమిటో వెతికి చూడండి. పేరు దొరికితే మీ పట్టికలో పాట పేరు పక్కన రాయండి. దొరకకపోతే అక్కడ ఖాళీ వదలండి, కానీ ఆ గడిని మాత్రం కొట్టివేయకండి.